హంపి శిథిలములు – మన విలాప కవిత్వము

తెలుగువాడు హంపికి పోవుటకు ముందే హంపిని చూచియుండును. పాఠశాలలో వల్లెవేసిన పద్యము, పెద్దలు చెప్పిన రాయలవారి కథలు, అష్టదిగ్గజముల చిత్రపటము – ఇవి యన్నియు కలిసి అతని మనస్సులో ఒక హంపిని ముందే కట్టియుంచును. తుంగభద్ర యొడ్డున బస్సు దిగినది మొదలు అతడు ఆ హంపినే వెదకుకొనును. అది కనబడిన చోట కన్నులు చెమర్చును. కనబడని చోట త్వరత్వరగా నడచిపోవును. ఉదయము విరూపాక్షుని గుడి చెంత మొదలిడి, సాయంకాలము విఠ్ఠలాలయమున రాతి రథము ముందు ఛాయాచిత్రము తీయించుకొని మరలిపోవు ఒక్క దినపు యాత్రలో, పద్యములోని హంపికిని ఎదుటనున్న హంపికిని గల భేదము గుర్తించుటకు తీరిక చాలదు.

హంపి కట్టడముల చరిత్ర వ్రాయుట నా ఉద్దేశము కాదు. 1900లో రాబర్టు సూయెల్ విజయనగరమును గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. 1917లో లాంగ్‌హర్స్టు శిథిలముల వర్ణన గ్రంథము వెలువరించెను. నాటినుండి సమర్థులైనవారు ఆ పని చేయుచునే యున్నారు. శిథిలములను చూచి మనవారు వ్రాసిన కవిత్వము ఆ శిథిలములకు ఎంతవరకు న్యాయము చేసినదను ప్రశ్న మాత్రమే ఇచ్చట ఎత్తుకొనుచున్నాను. బళ్ళారి, హొసపేట ప్రాంతములలో తరతరములుగా నున్న తెలుగువారికి ఇది దూరపు ప్రశ్న కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆ రాష్ట్రమునకు పోయినవి. బళ్ళారి, హొసపేట మొదలైనవి మైసూరు రాష్ట్రమున చేరినవి. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో హంపి నేడు చేరియున్నది. కావున కర్ణాటకమున నున్న మనకు హంపి పొరుగూరు. పొరుగూరిని గూర్చి వాపోవుటకు ముందు దానిని కన్నులార చూచుట మనకు విధి.

విలాప మార్గమునకు తెలుగున మేలుబంతి కొడాలి వేంకట సుబ్బారావు గారి ‘హంపీ క్షేత్రము’. ఆ ఖండకావ్యమందలి ఒక పద్యము నోటికి రాని పద్యప్రియుడు తెలుగునాట అరుదు. రాయి దుఃఖించుట, రాజసభలు వానరముల పాలగుట, వైభవమునకును శూన్యమునకును గల దూరమును ఒక్క ఊపిరిలో చెప్పుట – ఇవి ఆ పద్యమున ఎంతో సహజముగా సాగినవి. అందువలననే తరువాత హంపిని గూర్చి కలము పట్టినవారిలో పెక్కురు ఆ బాట విడిచి నడువలేకపోయిరి. కావ్యము పుట్టిన కాలమును గూడ తలపవలయును. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన తరువాతి తరమది. తెలుగువారిలో కొందరు ఆంగ్లేయుల యేలుబడిలోను, కొందరు నిజాము యేలుబడిలోను నుండిరి. తమదని చెప్పుకొనుటకు రాజ్యము లేని జనులకు పోయిన రాజ్యమును గుర్తుచేసిన కావ్యమది. దానిని చదివి కన్నీరు రాల్చినవారు హంపికొఱకు మాత్రమే రాల్చలేదు. ఈ సంగతి మఱచి ఆ కావ్యమును తేలికపఱచి మాటాడుట తగదు.

ఈ మార్గముననే పుట్టపర్తి నారాయణాచార్యుల వారి ‘పెనుగొండ లక్ష్మి’ వెలసినది. పెనుగొండలో పెరిగిన బాలుడు తన యూరి కోటగోడలను గూర్చి, పసితనము వదలకమునుపే వ్రాసిన కావ్యము. కళాదృష్టితో తూచినచో కొడాలి వారి పద్యములకే పట్టు హెచ్చు. అయినను ‘పెనుగొండ లక్ష్మి’ యందు నాకొక చనువు కనబడును. ఒకటి వచ్చి చూచి పోవువాని గొంతు. రెండవది దినదినము ఆ రాళ్ళ నడుమ ఆడుకొన్నవాని గొంతు. మన విలాప కవిత్వములో మొదటి గొంతునకే ప్రచారము లభించినది.

విలాపమునకు ఒక నియమము గలదు. ఎవరికొఱకు ఏడ్చుచున్నామో వారు చనిపోయి యుండవలెను. కావున హంపిని గూర్చి ఏడ్వదలచిన కవి ముందుగా హంపిని చంపుకొనును. ఊరు శ్మశానమగును, గుడులు అస్థిపంజరములగును, ఏటి సవ్వడి ఆర్తనాదమగును. బ్రతికియున్నదేదియు కవి కంట పడరాదు. పడెనా, పద్యము నడక చెడును. ఈ నియమమును చేతబట్టుకొని, యాత్రికుడు నడచు దారినే మనమును ఒక్క దినము నడచి చూతము.

ఉదయమున మొట్టమొదట ఎదురగునది విరూపాక్షుని తూర్పు గోపురము. తొమ్మిది అంతస్తుల ఆ గోపురము క్రింద నిత్యము జనప్రవాహమే. విజయనగరము పుట్టుటకు ముందునుండియు ఈ స్వామికి పూజ గలదు. నగరము పోయిన తరువాతను ఆ పూజ సాగుచున్నది. చైత్రమున రథోత్సవమునకు చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చు జనులలో కన్నడమాడువారును, తెలుగాడువారును కలరు. కృష్ణదేవరాయలు పట్టాభిషిక్తుడైన సమయమున, 1509–10లో, రంగమంటపము కట్టించినట్లు చెప్పు శాసనము గుడి ప్రాంగణముననే నిలిచియున్నది. అది సంస్కృతమునను కన్నడమునను చెక్కబడినది. ‘రాయలు మనవాడు’ అని ఉప్పొంగుచు వచ్చిన తెలుగు యాత్రికునకు రాయలవారి తొలి పలుకు ఇచ్చట కన్నడ లిపిలో ఎదురుపడును. ఇందు చిన్నబుచ్చుకొనవలసినది ఏమియు లేదు. శ్రీకాకుళాంధ్రవిష్ణువు స్వప్నమున కనిపించి తెలుగున కావ్యము చెప్పుమనగా ‘ఆముక్తమాల్యద’ రచించిన రాజే కన్నడరాజ్యరమారమణుడను బిరుదమును ధరించెను. అతని కాలముననే తిమ్మణ్ణకవి కన్నడ భారతమును ముగించి కృష్ణరాయ భారతమని పేరిడెను. పురందరదాసుల పేర ఒక మంటపము విఠ్ఠలాలయమునకు సమీపమున ఏటి యొడ్డున నేటికిని చూపుదురు. ఇన్ని భాషలకు తావిచ్చిన నగరమునకు మన విలాపకావ్యములు ఒక్క భాష మాత్రమే అంటగట్టినవి. ఇది వానిలో మొదటి లోపము.

గుడికి దక్షిణమున హేమకూటపు బండ. ఇచ్చటి చిన్నచిన్న గుడులలో కొన్ని విజయనగరమునకు పూర్వపువి. కన్నడమున శివశరణుల కథలను రగళెలుగా చెప్పిన హరిహర కవి నివసించిన క్షేత్రమిది. హరిహర బుక్కరాయలకు ముందే ఇచ్చట కవిత్వముండెనని తెలిసినచో, 1336లో మొదలై 1565లో ముగిసినట్లు మనము చెప్పుకొను కథ ఎంత కురచదియో బోధపడును.

హేమకూటపు దిగువను ‘సాసివెకాళు’ గణపతి గలడు. సాసివె యనగా కన్నడమున ఆవ. ఎనిమిది అడుగుల యేకశిలా గణపతికి ఆవగింజ పేరు పెట్టిన జనుల చతురత మెచ్చదగినది. ఆ విగ్రహము చుట్టును గల మంటపమును 1506లో చంద్రగిరికి చెందిన ఒక వర్తకుడు, గతించిన నరసింహరాయల స్మృత్యర్థము కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. తిరుపతి చెంతనున్న చంద్రగిరినుండి ఒక వ్యాపారి ఇంతదూరము వచ్చి, గతించిన రాజు జ్ఞాపకార్థము నాలుగు స్తంభములు నిలిపించెను. మన సంఘముల వారు హంపి యాత్రకు వచ్చినప్పుడు రాజులను, కవులను తలంతురు గాని ఈ వర్తకుని తలచిన వారిని నేను చూడలేదు. పరభాషా ప్రాంతములకు పోయి స్థిరపడిన తెలుగువారిలో పెక్కుమంది పూర్వులు రాజులు గారు, దిగ్గజములు గారు. సరకు మూటలతోను, నాగళ్ళతోను, కొలువు చీట్లతోను పోయినవారే. మన వంశవృక్షమునకు దగ్గరి వాడు ఈ చంద్రగిరి సెట్టియే యని నాకు తోచును.

ఇటనుండి కృష్ణాలయము. ఇచ్చట కొంత నిలువక తప్పదు. కృష్ణరాయలు గజపతి ప్రతాపరుద్రునితో పోరి, ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో ఉదయగిరి దుర్గమును పట్టుకొనెను. ఆ దుర్గమునందలి బాలకృష్ణ విగ్రహమును హంపికి తెప్పించి, 1515లో ఈ యాలయమున ప్రతిష్ఠించెను. ఆ సంగతి చెప్పు శాసనశిల ఆలయమునందే యున్నది. నేడు ఇచ్చట గర్భగుడి శూన్యము. బాలకృష్ణ మూర్తి చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో గలదు. యాత్రికుడు ఈ శూన్య గర్భగృహము ముందు నిలిచి, కొడాలి వారి పద్యము తలంపునకు రాగా నిట్టూర్చును. ఆ నిట్టూర్పు సహజమే. అయితే ఉదయగిరిలో నొక గర్భగృహము అంతకుముందే శూన్యమైనది. దానిని శూన్యము చేసినవాడు మనము స్తుతించు రాజే. ఆ ఉదయగిరియు నెల్లూరు సీమలోని తెలుగు దుర్గమే. హంపికొఱకు కావ్యములు వెలసినవి. ఉదయగిరి బాలకృష్ణునికొఱకు ఏడ్చిన తెలుగు పద్యమేదియు నా చెవిని పడలేదు. ఒడిస్సాలో స్థిరపడిన మన సోదరులు ఈ కథను గజపతుల వైపునుండి వినియుందురు. వారు ఈ గుడి ముందు నిలిచినచో వారి మనస్సున మెదలు భావము వేఱుగా నుండవచ్చును. ఒకే భాష మాటాడువారు ఒకే రాతి ముందు నిలిచి రెండు విధములుగా తలపోయుట సంభవమే. విలాపకావ్యములు ఈ రెండవ తలపోతకు తావీయలేదు.

కృష్ణాలయమునకు కొంత దూరమున 22 అడుగుల నరసింహ విగ్రహము గలదు. 1528లో కృష్ణరాయల కాలమున ప్రతిష్ఠ జరిగినది. కోఱలు, గుడ్లెఱ్ఱ చేసిన కన్నులు చూచి యాత్రికులు దీనిని ఉగ్రనరసింహుడందురు. ఇది లక్ష్మీనరసింహ మూర్తి. స్వామి తొడపై కూర్చున్న లక్ష్మి విగ్రహము విధ్వంసమునకు పాలైనది. వెనుకకు పోయి చూచినచో స్వామిని కౌగిలించుకొన్న ఆమె చేయి మాత్రము వీపున మిగిలియుండుట కనబడును. ప్రసన్నుడైన దేవుడు భార్యను కోల్పోయి ఉగ్రుడుగా పేరు పడినాడు. శిథిలమును శిథిలముగనే చూచు అలవాటు ఎంతటి పొరపాటునకు దారి తీయునో చెప్పుటకు హంపిలో ఇంతకంటె తగిన నిదర్శనము లేదు. విఱిగిన తరువాత మిగిలిన రూపమే శిల్పి ఉద్దేశమని మనము భ్రమపడుదుము. విలాపకవులు హంపి నగరమునకంతకును చేసినది ఇదియే. పోగా మిగిలిన దానిని చూచి, నగరము స్వభావమే విషాదమనుకొనిరి. 1980 దశకమున పురావస్తు శాఖవారు స్వామి మోకాళ్ళకు అడ్డముగా యోగపట్టమును తిరిగి రాతితో అమర్చిరి. అది సరియా కాదా అను చర్చ ఉండవచ్చును గాని, విగ్రహపు తొలి రూపమేదని వారు ప్రశ్నించుకొనిరి. మన కవులు ఆ ప్రశ్న వేసికొనలేదు.

నరసింహుని ప్రక్కనే బడవిలింగము. పానవట్టమెప్పుడును నీటిలో మునిగియుండును. ఆ నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నది? విజయనగర కాలపు కాలువనుండి. హంపికిని రాజప్రాసాద ప్రాంతమునకును నడుమ అరటితోటలు, వరిమళ్ళు పచ్చగా కనబడును. వానికి నీరందించు తుఱుతు కాలువ విజయనగర రాజుల నాటిది. కృష్ణరాయల కాలమున త్రవ్వించిన బసవణ్ణ కాలువ హొసపేట పొలములను నేటికిని తడుపుచున్నది. ఆలయములు దెబ్బతిన్నవి, సభలు కాలినవి, అంగళ్ళు పాడుపడినవి. కాలువలు మాత్రము ఆగలేదు. ఆ నీటితో పండిన అన్నము ఈ ప్రాంతపు జనులు ఐదు శతాబ్దములుగా తినుచున్నారు. రాజ్యము చేసిన పనులన్నిటిలో ఎక్కువమందికి ఎక్కువకాలము పనికివచ్చినది ఇది. ఒక్క విలాపపద్యమునందైనను ఈ కాలువ ప్రస్తావన నాకు కనబడలేదు. పారు నీరు శ్మశాన వర్ణనకు పొసగదు గదా!

మధ్యాహ్నము రాజప్రాసాద ప్రాంతమున గడచును. ఏనుగుల శాల, కమల మహలు, రాణివాసపు స్నానశాల మొదలగు వానిని గూర్చి విస్తరింపను. వానిని మార్గదర్శకులు చాలినంత వర్ణింతురు. హజారరామాలయము విషయము ఒకటి చెప్పవలయును. మొదటి దేవరాయల కాలమునాటిదిగా చెప్పు ఈ గుడి గోడలపై రామాయణ కథ మూడు వరుసలుగా సాగును. ‘వేయిమంది రాములు’ అని పేరునకు అర్థము చెప్పుదురు. తెలుగున ‘హజారము’ అనగా రాజభవనపు ముంగిలి చావడి; ఆ పేరు దానినుండియే వచ్చినదని కొందరు పండితుల అభిప్రాయము. రాజనగరు ముంగిట నున్న రాముడని అర్థము పొసగుచున్నది. బ్రౌణ్యమున నుండిన మాట వాడుకనుండి జారిపోగా గుడి పేరే మనకు అర్థము కాకపోయినది. అంత ప్రాకారపు వెలిగోడలపై ఏనుగులు, గుఱ్ఱములు, భటులు, నర్తకీమణులు బారులు తీరి నడచుచుందురు. కన్నీటి జాడ ఎందును లేదు.

తెలుగు యాత్రికులు తప్పక అడుగు ప్రశ్న ఒకటి కలదు: ‘భువనవిజయమెచ్చట?’ ఇదియే యని నిశ్చయముగా చూపదగిన కట్టడము లేదు. మహానవమి దిబ్బ చెంత నూఱు స్తంభముల సభామంటపపు రాతి పీఠము గలదు. దానిపై కఱ్ఱ స్తంభములు నిలిపిన గుంటలు మాత్రము మిగిలినవి. రాజభవనములు కఱ్ఱతో కట్టినవి గనుక కాలిపోయినవి. దేవాలయములు రాతివి గనుక నిలిచినవి. కావుననే విజయనగరము నేడు మన కంటికి గుడుల ఊరుగా కనబడుచున్నది. 1520 ప్రాంతమున దానిని చూచిన పోర్చుగీసు వాడు డొమింగో పాయిస్ నగర విస్తీర్ణమును రోముతో పోల్చి, అంగళ్ళను, జనసమ్మర్దమును, వేడుకలను వర్ణించెను. ఆ సందడిని తలచుకొనుటకు రాతి కంటె అతని వ్రాతయు, మన ప్రబంధములును మేలైన ఆధారములు.

సాయంకాలము విఠ్ఠలాలయము. రాతి రథము 2017లో వెలువడిన క్రొత్త ఏబది రూపాయల నోటుపై నెక్కి ఇంటింటికి చేరినది. ఆ రథముపై నొకప్పుడు ఇటుక శిఖరముండెను. 1856లో అలెగ్జాండర్ గ్రీన్లా తీసిన ఛాయాచిత్రమున అది స్పష్టముగా కనబడుచున్నది. తరువాత దానిని తొలగించిరి. అనగా నేడు మనము చూచు శిథిలమంతయు 1565 నాటి చేతి పని కాదు. గుప్తనిధులకై త్రవ్వినవారు, మరమ్మతు పేరిట తొలగించినవారు, వాన, ఎండ, చెట్ల వేళ్ళు – అందరికిని ఇందు పాలు గలదు. ఇచ్చటి ఉయ్యాల మంటపమును 1554లో ఉదయగిరి తిమ్మరాజు కట్టించెను. మరల ఉదయగిరియే.

విఠ్ఠలాలయము మిక్కిలి దెబ్బతిన్నది. కావున పతనమును గూర్చిన ప్రశ్నను ఇచ్చట తప్పించుకొనరాదు. 1565 జనవరి 23న అళియ రామరాయలు యుద్ధభూమిని హతుడయ్యెను, తిరుమలరాయలు ధనరాసులతో పెనుగొండకు తరలిపోయెను, నగరము కొల్లగొట్టబడినది. విలాపకావ్యములలో ఈ కథకు రెండే పాత్రలు – ఒక బాధితుడు, ఒక ఘాతుకుడు. చరిత్ర ఇంత సుళువుగా లేదు. ఆనాడు చేరిన దక్కను సుల్తానులలో గోలకొండ ఇబ్రాహీం కుతుబ్ షా ఒకడు. సోదరునికి వెఱచి 1543 నుండి 1550 వఱకు ఇతడు విజయనగరముననే, రామరాయల ఆశ్రయమున నుండెను. తెలుగు కవిత్వము రుచి మరగెను. మన కవులు ఇతనిని మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ ఇతనికి అంకితము. ఇతని కొలువులోని అమీనుఖానునకు పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతిచరిత్ర’ మను తొలి అచ్చతెలుగు కావ్యమును అంకితమిచ్చెను. హంపిని కూల్చినవారిలో తెలుగు కావ్యమునకు కృతిభర్తయు నున్నాడని తెలిసిన పిమ్మట, విలాపము మునుపటి గొంతుతో సాగుట కష్టము. సాగరాదని నేననను, ఆ కష్టము పద్యమున ధ్వనింపవలెనని మాత్రము కోరుదును.

హంపితోడనే తెలుగు కవిత్వమును గతించినదను మాటయు విలాపకవుల వలన వ్యాపించినదే. భట్టుమూర్తి తన ‘వసుచరిత్ర’ ను అంకితమిచ్చినది పెనుగొండనుండి ఏలిన తిరుమలదేవరాయలకు. అనగా మన పంచకావ్యములలో నొకటి పతనమునకు తరువాతిది. అతనిని కృష్ణరాయల సభలోని దిగ్గజముగా చిత్రపటములలో కూర్చుండబెట్టి, ఆ సంగతిని మనమే మఱచితిమి. తంజావూరు, మధుర నాయకుల కొలువులలో తెలుగున యక్షగానము, వచనము వికసించినవి. 1600 ప్రాంతమున మధుర నాయకుల కొలువున పుట్టినదని ఫిలిప్ వాగ్నర్ నిర్ణయించిన ‘రాయవాచకము’ ఇందుకు మంచి సాక్ష్యము. హంపి కూలిన కొలది దశాబ్దములలో, వందల మైళ్ళ దూరమున, తమిళదేశమునకు పోయిన తెలుగువారు ఆ నగరమును తలచుకొనిన తీరు అందు కనబడును. కథ కృష్ణరాయల కాలముననే నడచును. వేగులవారు, మంత్రులు, పన్నులు, దండయాత్రలు, రాజనీతి – ఇవి యందలి వస్తువులు. శిథిలములకు తావు లేదు. పోగొట్టుకొన్న నగరమును వారు పనిముట్టుగా వాడుకొనిరి. క్రొత్తచోట రాజ్యము నిలుపుకొనుటకు దానినుండి నమూనా తీసికొనిరి. పోగొట్టుకొని మూడువందల యేండ్లు దాటిన తరువాత వచ్చిన మన తరమువారు దుఃఖమున వారిని మించిపోవుట వింతగా లేదా?

నాటకమునకు వత్తము. బళ్ళారి న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావుగారు (1854–1919) ‘రామరాజు చరిత్రము’ ద్వారా విజయనగర పతనమును రంగస్థలమున కెక్కించిరి. అందలి పఠాను రుస్తుం పాత్ర ధరించి బళ్ళారి రాఘవ దేశమంతట పేరొందెను. హంపికి నలువది మైళ్ళ దూరమున నున్న ఊరివారు పతనమును గూర్చి చెప్పదలచినప్పుడు శత్రుపక్షపు మనిషికి నోరిచ్చిరి. తమ రాజు దోషములను విచారణకు నిలిపిరి. న్యాయవాది వ్రాసినందున అట్లు వచ్చినదని పరిహాసమాడవచ్చును గాని, నాటకము రెండు పక్షములను పలికింపక సాగదు. విలాపపద్యమునకు ఆ నిర్బంధము లేదు. ఈ నాటకపు భాష నేడు బరువుగా తోచును, దృశ్యములు దీర్ఘములు. అయినను భావమునందు ఇది ‘హంపీ క్షేత్రము’ కంటె పెద్దమనిషి తరహా కలదని నా యభిప్రాయము. పద్యము నిలిచి నాటకము మఱుగుపడుట మన సాహిత్యమునకు మేలు చేయలేదు.

ఇదంతయు గ్రంథములలోని వాదమే యని తీసివేయువారికి ఒక సంగతి. విరూపాక్షాలయము ముందరి బజారు మంటపములలో ఇండ్లు, అంగళ్ళు పెట్టుకొని ఎన్నియో కుటుంబములు బ్రతుకుచుండెను. 1986లో హంపి ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. 2011లో ఆ కుటుంబములను అచ్చటనుండి తొలగించి కట్టడములను కూల్చివేసిరి. ప్రాచీన మంటపముల రక్షణ కావలసినదే. అడ్డగోలు కట్టడముల వలన వానికి హాని కలుగుచుండెననుటయు నిజమే. అయినను బజారుగా కట్టిన వీథిలో బేరసారములుండుట దాని తొలి స్వభావమునకు విరుద్ధము కాదు. నేడు యాత్రికుడు ఆ వీథిలో నిలిచి, ‘ఎంత శూన్యము!’ అని నిట్టూర్చును. ఆ శూన్యములో కొంత 1565 నాటిది. కొంత 2011 నాటిది. శిథిలము నిర్జనముగా నుండిననే అందమను భావము అధికారులకు ఎచ్చటనుండి వచ్చినదో గాని, దానిని మన కవిత్వము ఎన్నడును ప్రశ్నింపలేదు.

మన సంఘముల వారు ఏటేట హంపి యాత్రలు జరుపుచున్నారు. రాతి రథము ముందు ఎవరో ఒకరు కొడాలి వారి పద్యమును రాగయుక్తముగా చదువుట వాడుక. ఆ వాడుక మాన్పవలదు. అది మంచి పద్యము, మంచి గొంతున వినదగినది. దానితోపాటు ఉయ్యాల మంటపమున ‘వసుచరిత్ర’ నుండి ఒక వర్ణనయు, మహానవమి దిబ్బ చెంత ‘రాయవాచకము’ నుండి నాలుగు పుటలును చదివింపవచ్చును. తమిళనాడునుండి వచ్చిన తెలుగువారు చదివినచో మఱింత సొగసు. విరూపాక్షుని గుడిముందు రాయల శాసనమును కన్నడము తెలిసిన మన పిల్లలచేత చదివించి, తెలుగున అర్థము చెప్పింపవచ్చును. దినములో సమయము చాలనిచో కమల మహలును వదలుకొనుడు. సాసివెకాళు గణపతి మంటపమున చంద్రగిరి వర్తకుని శాసనమును, తుఱుతు కాలువ గట్టును వదలుకొనకుడు. గట్టున నిలిచినచో అరటితోటలలో పనిచేయువారు ఏ భాషలో మాటాడుకొనుచున్నారో వినబడును.